మన కర్నూలు, అనంతపురం, కడప నీళ్లకు ఏ చిట్టి రొయ్య? చెర్రీ, క్రిస్టల్, బాబాల్టీ, అమానో, సులవేసి రకాల పోలిక

రంగు చూసి రొయ్యను ఎంచుకోవడం బెంగళూరు వాళ్లకు చెల్లుతుంది. మన దగ్గర ముందు బోరు నీళ్లు ఒప్పుకోవాలి, తర్వాత మే నెల ఒప్పుకోవాలి. ఆ రెండూ సరే అన్నాకే ఎరుపా, నీలమా, పసుపా అన్న మాట. షాపుల్లో డ్వార్ఫ్ ష్రింప్ అని అమ్మే ఈ అంగుళం పొడవు మంచినీటి రొయ్యల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహా చాలావరకు చల్లటి దేశాల వాళ్లు రాసింది. అక్కడ హీటర్ గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. మనకు కావాల్సింది దానికి పూర్తిగా తిరగేసిన సమాచారం.

ఎంచుకునే ముందు మూడు సంగతులు

మొదటిది నీళ్లు. టీడీఎస్ మీటరు చవక, అందరి దగ్గరా ఉంటుంది. కానీ అది నీళ్లలో ఎంత కరిగి ఉందో చెబుతుంది, ఏం కరిగి ఉందో చెప్పదు. రొయ్యకు కావాల్సింది కాల్షియం, మెగ్నీషియం. దాని పెంకు వాటితోనే గట్టిపడుతుంది. వీటిని కొలిచేది జీహెచ్. కార్బొనేట్లను కొలిచేది కేహెచ్, పీహెచ్ ఊగిసలాడకుండా పట్టి ఉంచేది అదే. ఈ రెండింటికీ చుక్కల టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి, టీడీఎస్ మీటరు కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

కర్నూలు టౌన్లో మున్సిపాలిటీ కుళాయికి తుంగభద్ర నీళ్లు వస్తుంటే మీరు అదృష్టవంతులే. నది నీళ్లు బోరు నీళ్లంత గట్టిగా ఉండవు, అంటే కాల్షియం, మెగ్నీషియం అంత ఎక్కువ ఉండవు. కాకపోతే బ్లీచింగ్ ఉంటుంది, డీక్లోరినేటర్ చుక్కలు తప్పనిసరి. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది, ఉప్పదనం, గట్టిదనం సరేసరి. అలాంటి నీళ్లను నేరుగా వాడొద్దు.

ఇంకో చిక్కు. ఉప్పు బస్తా పోసే వాటర్ సాఫ్ట్‌నర్ ఇంట్లో ఉంటే, ఆ నీళ్లు మెత్తబడ్డాయి కదా, రొయ్యలకు మంచిదే అనుకుంటారు. కాదు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. టీడీఎస్ దాదాపు అలాగే ఉంటుంది, జీహెచ్ మాత్రం సున్నాకు పడిపోతుంది. రొయ్యకు అది అన్నిటికంటే పనికిరాని నీరు. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచి పట్టుకోండి.

రెండోది వేడి. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే. ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 31, 32కి చేరతాయి. వేడెక్కే కొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, రొయ్యకేమో అప్పుడే ఎక్కువ కావాలి. పుస్తకంలో రాసిన గరిష్ఠ వేడిని ఒక పూట తట్టుకోవడం వేరు, రెండు నెలలు తట్టుకోవడం వేరు.

మూడోది, పిల్లలు పెట్టించాలనుకుంటున్నారా, ఊరికే చూసుకోవడానికేనా? కొన్ని రకాలు మంచినీళ్లలోనే చిన్న సైజు రొయ్యల్లాంటి పిల్లల్ని వదులుతాయి. కొన్నిటి లార్వాలకు (గుడ్డు నుంచి బయటికొచ్చే తొలి దశ పిల్లలకు) సముద్రపు నీళ్లు కావాలి. ఈ తేడా తెలియక ఏళ్ల తరబడి పిల్లల కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు.

ఒక్క చూపులో

| రకం | నచ్చే వేడి (డిగ్రీలు) | పీహెచ్ | టీడీఎస్ | పిల్లలు | మన దగ్గర కష్టం |
|---|---|---|---|---|---|
| చెర్రీ, దాని రంగులు | 20–26 (28 వరకు ఓర్చుకుంటుంది) | 6.5–8 | 150–350 | సులువుగా, మంచినీళ్లలోనే | తక్కువ |
| క్రిస్టల్ రెడ్ | 20–24 | 5.8–6.8 | 100–150 | మంచినీళ్లలోనే, నీళ్లు కచ్చితంగా ఉంటేనే | చాలా ఎక్కువ |
| బాబాల్టీ | 22–28 | 7–8 | 150–300 | మంచినీళ్లలోనే, నెమ్మదిగా | మధ్యస్థం |
| అమానో | 18–27 | 6.5–7.5 | 150–300 | ఉప్పునీళ్లు లేనిదే కావు | పెంచడం సులువు, పిల్లలు గగనం |
| సులవేసి కార్డినల్ | 27–30 | 7.8–8.4 | 100–200 | కొద్దికొద్దిగా | ఎక్కువ |

ఈ అంకెలు గీత గీసినట్టు ఉండవు. స్థిరంగా ఉన్న 300 టీడీఎస్, రోజుకో రకంగా మారే 180 కంటే మేలు.

చెర్రీ: పదిమందిలో తొమ్మిదిమందికి ఇదే

చెర్రీ శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. చైనా, తైవాన్ వైపు వాగుల్లోది, అడవిలో ఉన్నప్పుడు గోధుమ రంగులో, ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. ఎరుపు, పసుపు, నారింజ, నీలం, నలుపు, చాక్లెట్, మధ్యలో అద్దంలా కనబడే రిలీ, ఇవన్నీ మనుషులు ఏరి ఏరి నిలబెట్టిన రంగులు. పేర్లు వేరైనా జాతి ఒకటే. అందుకే ఎరుపు, నీలం, పసుపు ఒకే ట్యాంకులో వేస్తే కొన్ని తరాల్లో మళ్లీ ఆ పాత గోధుమ రంగే తేలుతుంది. షాపులో 'మిక్స్‌డ్ కలర్' ప్యాకెట్ కంటికి ఇంపుగానే ఉంటుంది. పిల్లలు పెట్టించే ఉద్దేశం ఉంటే దాని జోలికి వెళ్లకండి. ఒక ట్యాంకుకు ఒకే రంగు.

ఏ రంగు అని అడిగితే, మొదటిసారి ఎరుపే తీసుకోమంటాను. ఏళ్ల తరబడి ఏరిన వరస కాబట్టి పిల్లల్లో తేడా రంగువి తక్కువ వస్తాయి. చెర్రీ, సకురా, ఫైర్ రెడ్, పెయింటెడ్ ఫైర్ రెడ్ అని గ్రేడులు ఉంటాయి, రంగు ఎంత చిక్కగా, ఎంత నిండుగా ఉందన్నదే తేడా. నడిమి గ్రేడు కొని, పాలిపోయినవాటిని ప్రతి తరంలో వేరే ట్యాంకుకు మారుస్తూ పోతే మీ దగ్గరే గ్రేడు పెరుగుతుంది, డబ్బూ మిగులుతుంది. నీలం వరసలో ఈ ఏరివేత పని ఎక్కువ. పసుపు చీకటి గదిలో కూడా బాగా కనబడుతుంది. ఏ రంగైనా అడుగున నల్ల ఇసుక ఉంటే చిక్కగా, తెల్ల ఇసుక ఉంటే వెలవెలబోయి కనబడుతుంది. కొన్నాక రంగు తగ్గిందని షాపువాడిని తిట్టేముందు అడుగు ఇసుక చూడండి. మగవి ఎలాగూ చిన్నవి, రంగు తక్కువవి.

నీళ్ల లెక్క ఇలా. బోరు నీళ్ల టీడీఎస్ 800, ఇంట్లో ఆర్వో నీళ్లది 40 అనుకుందాం. ఒక చెంబు బోరు నీళ్లకు మూడు చెంబుల ఆర్వో నీళ్లు కలిపితే 230 వస్తుంది. చెర్రీకి అది హాయి. ఇంట్లో ఆర్వో లేకపోతే మినరల్ వాటర్ ప్లాంటు క్యాను తెచ్చుకోవచ్చు, కాకపోతే ప్రతి క్యానూ మీటరుతో చూసుకోవాలి, ప్లాంటుకో రకంగా ఉంటుంది. కలిపిన నీళ్లలో జీహెచ్ 6 నుంచి 10 మధ్య ఉంటే చాలు. బోరులో ఫ్లోరైడ్, నైట్రేట్ ఎక్కువని తెలిస్తే ఈ కలపడం కూడా వద్దు, ఆర్వో నీళ్లకు ష్రింప్ మినరల్ పొడి కలుపుకోవడం నయం. ఖర్చు పెరుగుతుంది, చిన్న ట్యాంకుకు అంత భారమేమీ కాదు.

పిల్లల సంగతి. ఆడదాని వీపు మీద పసుపో పచ్చో మచ్చ కనబడితే అండాశయం నిండిందని అర్థం. పెంకు విడిచిన వెంటనే మగవి ట్యాంకంతా పరుగులు పెడతాయి. తర్వాత పొట్ట కింద 20, 30 గుడ్లు పెట్టుకుని, కాళ్లతో గాలి కొడుతూ మూడు, నాలుగు వారాలు మోస్తుంది. బయటికొచ్చే పిల్లలు 2 మిల్లీమీటర్ల బుల్లి రొయ్యలే, లార్వా దశ ఉండదు. వాటికి కావాల్సింది నాచు, స్పాంజి ఫిల్టరు, పాతబడిన ట్యాంకులో ఆకుల మీద పేరుకునే సన్నటి జిగురు పొర. అందుకే ట్యాంకు పెట్టిన వారానికే రొయ్యలు వేయొద్దు. అమోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఖాళీగా నడవనివ్వండి.

మనవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి మరొకటి ఉంది. ఈ జాతిలో పిల్లలు ఆడా మగా అన్నది నీటి వేడిని బట్టి కూడా మారుతుంది. చల్లగా ఉంటే ఆడవి ఎక్కువ, వేడిగా ఉంటే మగవి ఎక్కువ. 30 దాటితే గుడ్లు రాల్చేయడం కూడా జరుగుతుంది. కాబట్టి మన దగ్గర పిల్లలు పెట్టించే అసలు సీజను నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. అప్పుడు గదిలో నీళ్లు 21, 24 మధ్య ఏ హీటరూ లేకుండా ఉంటాయి. ఆ నాలుగు నెలల్లో మంద పెంచుకుని, వేసవిలో దాన్ని కాపాడుకోవడం ఒక్కటే పనిగా పెట్టుకోండి. మే నెలలో పిల్లలు రాలేదని టెన్షన్ పడక్కర్లేదు.

క్రిస్టల్ రెడ్: అందం నిజమే, కరెంటు బిల్లు కూడా నిజమే

1990లలో జపాన్‌లో హిసయాసు సుజుకి అనే పెంపకందారు నలుపు తెలుపు చారల బీ ష్రింప్ మందలో ఎర్రగా పుట్టినవాటిని వేరుచేసి నిలబెట్టిన వరస ఇది. పాలలాంటి తెలుపు మీద ఎర్ర పట్టీలు. ఎస్, డబుల్ ఎస్, ట్రిపుల్ ఎస్ అని గ్రేడులు. ఒక మంచి గ్రేడు క్రిస్టల్ ధరకు చెర్రీల గుంపే వస్తుంది.

దీనికి కేహెచ్ దాదాపు సున్నా ఉండాలి, నీళ్లు కాస్త ఆమ్లంగా ఉండాలి. అంటే అడుగున యాక్టివ్ సాయిల్, పైన పూర్తిగా ఆర్వో నీళ్లు, దానికి సరిపడా మినరల్ పొడి. ఈ సాయిల్ కార్బొనేట్లను పీల్చుకుంటూ పీహెచ్‌ని కిందికి లాగి ఉంచుతుంది. మన బోరు నీళ్లు రెండుసార్లు పోస్తే దాని బలం అప్పుడే హరించుకుపోతుంది. జాగ్రత్తగా వాడినా ఏడాది, ఏడాదిన్నరకు మార్చాలి.

అక్కడితో అయిపోతే ఫర్వాలేదు. అసలు అడ్డం వేడి దగ్గర వస్తుంది. 26 దాటితే గుడ్లు తగ్గుతాయి, 28 దాటితే రోజుకొకటి పోవడం మొదలవుతుంది. ఫ్యానుతో దీన్ని దాటలేం. చిల్లరు (నీళ్లను చల్లబరిచే యంత్రం) ఉండాలి, లేదా ఆ గదిలో పగలూ రాత్రీ ఏసీ నడవాలి, కరెంటు పోతే ఇన్వర్టరు ఆదుకోవాలి. ఇవన్నీ ఉన్నవాళ్లకు కూడా ముందు ఒక వేసవి చెర్రీలతో గడపమనే చెబుతాను. చెర్రీలను మే దాటించలేని ట్యాంకులో క్రిస్టల్ బతకదు.

ఒక ఊరట. క్రిస్టల్, చెర్రీ వేర్వేరు ప్రజాతులు, కలిపి ఉంచినా సంకరం కావు. కానీ రెండిటికీ నచ్చే నీళ్లు ఒకటి కావు కాబట్టి ఆ ఊరట పెద్దగా అక్కరకు రాదు.

బాబాల్టీ: మన దేశపు రొయ్య

కారిడినా బాబాల్టీ భారతదేశపు వాగుల్లోది. ఆకుపచ్చ, ఎరుపు, చారలవి దొరుకుతాయి. అదే రొయ్య మూడ్‌ను బట్టి రంగు చిక్కబరుచుకుంటుంది, తేలికపరుచుకుంటుంది. ఎరుపు అని కొన్నది ఓ వారం గోధుమగా కనబడొచ్చు. కాస్త గట్టి నీళ్లకు, కాస్త ఎక్కువ వేడికి చెర్రీలాగే సర్దుకుంటుంది. పిల్లలు మంచినీళ్లలోనే వస్తాయి, సంఖ్య తక్కువ.

సమస్యల్లా బిడియం. మొక్కల చాటున దాక్కుని గంటల తరబడి కనబడదు. వాగుల్లో పట్టి తెచ్చి అమ్మేవి కూడా ఉంటాయి, అవి ప్రయాణంలో నలిగి, పరాన్నజీవులతో వస్తాయి. ట్యాంకులో పుట్టినవేనా అని అడిగి కొనండి. నాచు దట్టంగా పెంచిన ట్యాంకు ఉండి, ఓపికగా చూసే అలవాటు ఉన్నవాళ్లకు ఇది చెర్రీ కంటే ఎక్కువ నచ్చుతుంది. పిల్లలున్న ఇంట్లో మాత్రం 'రొయ్య ఏదీ?' అన్న ప్రశ్న రోజూ వస్తుంది.

అమానో, సులవేసి

అమానో రొయ్యకు ఆ పేరు జపాన్ అక్వేరియం కళాకారుడు తకాషి అమానో నుంచి వచ్చింది. 4, 5 సెంటీమీటర్లు పెరుగుతుంది, పాచి తినడంలో దీన్ని మించింది లేదు. రంగు లేదు, గాజులాంటి ఒంటి మీద చుక్కలంతే. ఆడవి గుడ్లు మోస్తాయి, లార్వాలు మాత్రం మంచినీళ్లలో చనిపోతాయి, వాటికి సముద్రపు ఉప్పు కలిపిన వేరే ట్యాంకు, సూక్ష్మ శైవలాల మేత కావాలి. మొక్కల ట్యాంకులో పాచి సమస్య ఉంటే నాలుగైదు వేసుకోండి, పిల్లల ఆశ పెట్టుకోకండి. చెర్రీలతో నిశ్చింతగా కలిసి ఉంటాయి.

సులవేసి కార్డినల్ ఇండోనేషియాలోని మతానో సరస్సుది. ముదురు ఎరుపు మీద తెల్ల చుక్కలు. 27 నుంచి 30 డిగ్రీలు కావాలన్న మాట చూసి 'ఇదేదో మన ఎండకే పుట్టింది' అనిపిస్తుంది. అది సగమే నిజం. ఆ సరస్సులో వేడి ఏడాదంతా కదలదు. మన గదిలో నీళ్లు జనవరి రాత్రి 21, మే మధ్యాహ్నం 32. చలికాలం హీటరు, వేసవిలో ఫ్యాను రెండూ పెట్టాలి. పీహెచ్ ఎక్కువ, టీడీఎస్ తక్కువ ఉండే నీళ్లు కాబట్టి బోరు నీళ్లు పనికిరావు, ఆర్వోకి ప్రత్యేక లవణం కలపాలి. రాళ్ల మీద పాచి పొర బాగా పట్టిన, నెలల తరబడి నడిచిన ట్యాంకు లేకపోతే ఆకలితో పోతాయి.

ఇక కేసీ కాలువలోనో చెరువులోనో వలకు పడిన చిన్న రొయ్యలను తెచ్చి ట్యాంకులో వేసేవాళ్లకు ఒక మాట. పొడుగాటి గోళ్ల చేతులు ఉంటే అవి మాక్రోబ్రాకియం ప్రజాతివి. పెద్దయ్యాక మీ చెర్రీలను తినేస్తాయి.

బండలు, ఆకులు, దోమల మందు

కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ మనకు ఊరికే దొరుకుతాయి. ట్యాంకులో గుహలు కట్టడానికి చేయి అటే పోతుంది. ఇవన్నీ సున్నపురాయి రకాలు. నీళ్లలో మెల్లగా కరిగి జీహెచ్, కేహెచ్ పెంచుతాయి. చెర్రీ, బాబాల్టీ ట్యాంకులో చిన్న ముక్క ఫర్వాలేదు, అసలే బోరు నీళ్లు కలిపితే అదీ అనవసరం. క్రిస్టల్ ట్యాంకులో ఒక్క ముక్క కూడా వద్దు, సాయిల్‌ను అది తినేస్తుంది. ట్యాంకు కింద స్టాండుగా మాత్రం కడప బండకు సాటి లేదు.

మేత విషయంలో మనకో వరం మల్బరీ ఆకు. హిందూపురం, మడకశిర వైపు పట్టుపురుగుల రైతులు తెలిసి ఉంటే అడగండి. పురుగులకు వేస్తున్న తోట ఆకైతే మందు భయం తక్కువ, ఎందుకంటే మందు తగిలితే ముందు పోయేవి ఆ పురుగులే. ఎండబెట్టి దాచుకుని, ఉడకబెట్టి చిన్న ముక్క వేస్తే రొయ్యలన్నీ దాని మీదే ఉంటాయి. నాటు బాదం ఎండుటాకు కూడా మంచిది. మార్కెట్ పాలకూర వేయాలంటే బాగా కడిగి ఉడికించండి, ఎంత మందు కొట్టారో మనకు తెలియదు.

దోమల కాయిల్, లిక్విడ్, స్ప్రే ఈ గదిలో వద్దే వద్దు. వాటిలోని పైరెత్రాయిడ్ మందులు మనిషికి ఏమీ చేయని మోతాదులోనే రొయ్యను చంపుతాయి. గాలి పంపు ఆ గాలినే నీళ్లలోకి తోస్తుంది. కిటికీకి దోమతెర కొట్టించుకోండి. చేపల మందుల్లో, నత్తల మందుల్లో రాగి ఉందేమో చూడండి, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) రొయ్యకు విషం.

మే నెల ఏర్పాటు

తీరప్రాంతం వాళ్ల కంటే మనకు ఒక లాభం ఉంది. మన ఎండ పొడి ఎండ. ట్యాంకు నీటి పైన చిన్న ఫ్యాను పెడితే నీళ్లు ఆవిరై 2 నుంచి 4 డిగ్రీలు దిగుతుంది. ఉక్కపోత ఉండే విశాఖలో అదే ఫ్యాను అంత పని చేయదు. కానీ ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు మిగిలిపోతాయి. తగ్గిన మేరకు ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి. బోరు నీళ్లు పోస్తూ పోతే జూన్ నాటికి టీడీఎస్ రెండింతలవుతుంది, పెంకు విడవలేక రొయ్యలు పోతాయి.

ట్యాంకు చిన్నదైతే వేడి త్వరగా ఎక్కుతుంది. అందంగా ఉందని 10 లీటర్ల గాజు గిన్నె కొనకండి. రెండడుగుల ట్యాంకు, అంటే 50 లీటర్ల పైచిలుకు, మన వాతావరణానికి కనీసం. మిద్దె పైగదిలో కాదు, కింది గదిలో, ఎండ పడని గోడకు పెట్టండి. మధ్యాహ్నం సింటెక్స్ నుంచి వచ్చే నీళ్లు చేతికే కాలుతాయి, అవి ట్యాంకులో పోయొద్దు, ముందురోజు రాత్రి పట్టి పెట్టుకోండి. ఐసు సీసాలు వేయడం మానుకోండి, గంటలో 5 డిగ్రీలు పడి మళ్లీ ఎక్కడం వేడి కంటే ప్రమాదం. కరెంటు కోతకు బ్యాటరీ గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

ఎవరికి ఏది

మొదటిసారి, బోరు నీళ్లు, ఏసీ లేదు: ఎర్ర చెర్రీ, 10 నుంచి 15. ఇంకేదీ ఆలోచించక్కర్లేదు.

ఇప్పటికే గప్పీలు, బెట్టా ఉన్న ట్యాంకు: పెద్ద రొయ్యలు బతకొచ్చు, పిల్లలు చేపల నోట్లోకే. అమానో అయితే సైజు వల్ల కాస్త నయం. పిల్లలు కావాలంటే రొయ్యలకు విడి ట్యాంకు తప్పదు.

మొక్కల ట్యాంకు, పాచి తలనొప్పి: అమానో, తోడు చెర్రీ.

చెర్రీలతో ఒక వేసవి దాటారు, కొత్తది కావాలి, ఖర్చు పెట్టలేరు: బాబాల్టీ, లేదా రెండో ట్యాంకులో నీలం చెర్రీ.

అమ్మకానికి పెంచాలనుకునేవాళ్లు క్రిస్టల్ ధర చూసి అటు మొగ్గుతారు. చిల్లరు, సాయిల్, కరెంటు లెక్క కట్టాక మిగిలేది చూడండి. ఒకే రంగు చెర్రీని శుభ్రంగా ఏరి, చలికాలంలో పెంచి అమ్మేవాళ్లే మన వైపు నిలబడటం తేలిక.

కొనడం అక్టోబరు తర్వాతే. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ దగ్గర, కడప వాళ్లకు చెన్నై. పార్సిల్ రాత్రి బస్సుకు వేయమని చెప్పండి. సంచి రాగానే కత్తిరించి గుమ్మరించకండి. రొయ్యలను ఒక గిన్నెలోకి తీసి, ట్యాంకు నీళ్లు సన్న పైపుతో చుక్కచుక్కగా గంటన్నర, రెండు గంటలు పడనివ్వండి. అమ్మినవాళ్ల నీళ్ల టీడీఎస్ ఎంతో ముందే అడిగి ఉంచుకుంటే, మీ నీళ్లకూ దానికీ తేడా ఎక్కువ ఉన్నప్పుడు ఇంకో గంట పెంచొచ్చు. ఆ సంచి నీళ్లు మాత్రం ట్యాంకులో పోయొద్దు.